మా కారుకు ఎర్త్ పెట్టిందెవరు?

మహబూబ్‌నగర్‌లో మా ఇంటి ముందు తాత కొన్న 1972 నాటి అంబాసిడర్ ఇంకా నిలబడే ఉంది. బ్రేకు తొక్కితే ఎడమ ఇండికేటర్ మసకగా వెలుగుతుంది. కుడి ఇండికేటర్ వేస్తే వెనక ఉన్న లైట్లన్నీ కూడబలుక్కుని కన్నుకొడతాయి. హారన్ మాత్రం గట్టిగానే మోగుతుంది కాబట్టి బండి బాగానే ఉందన్నది మా ఇంటి అభిప్రాయం.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని మనవి. 50 ఏళ్లు దాటిన కారుకు 2021 నుంచి కేంద్రం వింటేజ్ హోదా ఇస్తోంది. 20,000 రూపాయలు కడితే నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు కూడా వస్తాయి. బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకూడదు అన్నారు. వైరింగ్ ఊసే ఎత్తలేదు. ఆ నిబంధన రాసిన అధికారి ఇంట్లో కూడా ఒక పాత కారు ఉండే ఉంటుందని నా గట్టి నమ్మకం.

మా పిల్లలమర్రి చూసినవాళ్లకు సంగతి వెంటనే అర్థమవుతుంది. 700 ఏళ్ల చెట్టంటారు, ఎకరాల కొద్దీ పరుచుకుంది, తల్లి మాను ఏదంటే చెప్పేవాడు లేడు. మా డ్యాష్‌బోర్డు కింద తల దూర్చినా అంతే. కార్ల కరెంటు సామాన్లు చేసే లూకాస్ కంపెనీ తెచ్చిన రంగుల పద్ధతి ప్రకారం గోధుమరంగు వైరు నేరుగా బ్యాటరీది, తెల్లది ఇగ్నిషన్‌ది, ఎర్రది వెనక లైట్లది. ఆకుపచ్చ మీద ఎర్ర చార ఉంటే ఎడమ ఇండికేటర్, తెల్ల చార ఉంటే కుడి. నల్లది ఎర్త్, అంటే కరెంటు బాడీలోకి తిరిగి పోయే దారి. మా కారులో ప్రస్తుతం ఎర్త్ వైరు ఆకుపచ్చగా, బ్రేకు వైరు పసుపుగా ఉన్నాయి. ఎడమ ఇండికేటర్‌కు ఎవరి పెళ్లి పందిట్లోంచో వచ్చిన సీరియల్ లైట్ల వైరు వేశారు. పెళ్లివారు బాగుండాలి.

ఇందులో మెకానిక్‌ల తప్పేమీ లేదు. ఎంతమంది మారినా అందరిదీ ఒకే వైద్యం: “ఏం గాదు సారూ, ఇంకో వైరు గుంజుదాం.”

అసలు జబ్బు ఎక్కడుందంటే, మా కారులో వెనక బల్బుల దాకా కరెంటు రావడానికే వైరు ఉంటుంది. తిరిగి పోవడానికి హోల్డర్ రేకు, దాన్నంటుకున్న బాడీయే దారి. ఆ రెంటి మధ్య తుప్పు పట్టిందంటే కరెంటు పొరుగింటి పెరట్లోంచి అడ్డదారిన పోయేవాడిలా పక్క బల్బు గుండా పోతుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలిగేది అందుకే. ఎవరి పనైనా చెడగొడితే ‘ఎర్త్ పెట్టాడు’ అంటాం కదా, మా కారు చెడింది సరిగ్గా ఎర్త్ పెట్టకే. భాషే ఇలా అడ్డం తిరిగితే పాపం మెకానిక్ ఏం చేస్తాడు?

హోల్డర్ల కథ ఇంకా ఘనం. లోపలి స్ప్రింగులు చచ్చుబడ్డాయి, ఇత్తడికి చిలుము పట్టింది. ఒకాయన సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి బల్బు కింద పెట్టాడు. మిగిలిన ముక్కను ఫ్యూజుకు చుట్టాడు. బండిలో వెండి పని ఉందని చెప్పుకోవడానికి పనికొస్తుంది. వెనక బల్బులో బ్రేకుకు 21 వాట్ల తీగ, పార్కింగుకు 5 వాట్ల తీగ ఉంటాయి. తిరగేసి పెట్టకుండా పిన్నులు ఎగుడుదిగుడుగా పెట్టాడు కంపెనీవాడు. హోల్డర్ అరిగాక మా బల్బుకు ఆ బెడద పోయింది, ఎటైనా కూర్చుంటుంది. రాత్రంతా 21 వాట్లతో భగభగ మండి, బ్రేకు తొక్కితే ఇంకో 5 వాట్లు మొహమాటంగా కలుపుతుంది.

ఒక ఆదివారం బుద్ధి గడ్డి తిని, డిక్కీ తెరిచి నేనే కూర్చున్నాను. ఎర్త్ స్క్రూలు ఊడదీసి, ఎమ్రీ పేపర్‌తో రేకు మెరిసేదాకా రుద్ది, కొత్త హోల్డర్లు బిగించి, మళ్లీ తుప్పు పట్టకుండా వ్యాసిలిన్ రాశాను. అంతకుముందు హోల్డర్ దగ్గర మీటరు పెడితే 10 వోల్టులు కూడా రాలేదు. వోల్టేజీ పదో వంతు తగ్గితేనే బల్బు వెలుతురులో మూడో వంతు దాకా తగ్గిపోతుందట. మా లైట్లు అన్నేళ్లు వెలిగింది కరెంటుతో కాదు, పెద్దల ఆశీర్వాదంతో. ఆ తర్వాత వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాను. ఏడు పీకినా ఏ లైటూ ఆరలేదు. ఇన్నేళ్లూ పని లేకుండా హాజరు వేయించుకుంటున్నాయన్నమాట.

ఇంట్లో పెద్ద గొడవైంది. 2018లో పిల్లలమర్రికి చెదలు పడితే కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించిన ఊరు మాది. “తాతలనాటి బండికి నరాలు తెంపుతవారా?” అని పెద్దనాయిన రెండు రోజులు మాట్లాడలేదు.

సోమవారం మెట్టుగడ్డ దగ్గర ఎడమ ఇండికేటర్ వేసి, పద్ధతిగా ఎడమకు తిరిగాను. వెనకొస్తున్న ఆటో నా తలుపు గీరుకుంటూ ఆగింది. డ్రైవరు మా బండిని ఏళ్లుగా ఎరిగినవాడే.

“ఎడమ లైటు ఎలిగితే బ్రేకు కొడ్తున్నవనుకొని పక్కకెల్లి పోబోయిన సారూ. నువ్వు నిజంగనే మలుపుతవని నాకెట్ల ఎరుక?”