మా మురుగు ఏ జాబితాలో ఉంది?

ఒడిశాలో రాయగడ జిల్లాలోని మా ఊళ్లో, వీధి జాతీయ రహదారిని కలిసే మూలన మురుగుకాలువ మీది పలక విరిగి నాలుగు నెలలైంది. ఎవరో పుణ్యాత్ములు అందులో వేపకొమ్మ గుచ్చి ఎర్రగుడ్డ కట్టారు. ఇప్పటివరకు జరిగిన మరమ్మతు అదొక్కటే.

పురపాలక సిబ్బందిని అడిగితే "అది రోడ్డు అంచు, కేంద్రం వాళ్లది" అన్నారు. రహదారి వాళ్లు "రోడ్డు మాది, మురుగు మీ ఊరిది" అన్నారు. రాష్ట్ర కార్యాలయంలోనైతే అర్జీ ఒడియాలో రాసి తెమ్మన్నారు. పక్కింటి పిల్లవాడిని బతిమాలి రాయించుకుని వెళితే, తీరా అది తమ శాఖ కాదట! ఆ ముక్క మొదటే చెబితే ఆటో డబ్బులైనా మిగిలేవి.

కేంద్రానికీ రాష్ట్రాలకూ అధికారాలు పంచే రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం జాతీయ రహదారులు కేంద్ర జాబితాలోవి, పారిశుద్ధ్యం రాష్ట్ర జాబితాలోది. 1992 నాటి 74వ సవరణ పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థల కోసం 18 అంశాలు రాసింది. పారిశుద్ధ్యం అందులోనూ ఉంది. అయితే అధికారాలు అప్పగించడం మాత్రం రాష్ట్రాల ఇష్టానికే వదిలేసింది. పెళ్లికి పిలిచి విస్తరి వేయనట్లు!

నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు మా అత్తయ్య చెప్పు ఆ గోతిలో పడింది. అది ఎవరి పరిధిలోకి వస్తుందో ఇంకా ఎవరినీ అడగలేదు.