హమ్మురాబి చట్టం ముందు అందరూ సమానం కాదు

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: ‘ప్రపంచంలో మొట్టమొదటి చట్టం బాబిలోన్ రాజు హమ్మురాబిది. కంటికి కన్ను, పంటికి పన్ను. ఉన్నోడికైనా లేనోడికైనా ఒకే శిక్ష. అది చూసే తీర్పులిచ్చేవారు. మనకూ అదే రావాలి.’ కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగినవాళ్లకు ఈ మాట నచ్చుతుంది, ఆ కోపం నాకు తెలుసు. కానీ చరిత్ర అలా లేదు.

‘మొట్టమొదటిది.’ కాదు. హమ్మురాబి పాలన క్రీ.పూ. 1792–1750. అంతకు దాదాపు 300 ఏళ్ల ముందే ఇప్పటి ఇరాక్‌లోని ఊర్ నగరంలో రాజు ఊర్‌నమ్ము పేరిట సుమేరియన్ భాషలో చట్టాలు రాశారు. అందులో ఒకరి కన్ను పోగొట్టినవాడు అర మీనా వెండి కట్టాలి. మీనా అంటే సుమారు అర కిలో. అంటే ముందు వచ్చింది జరిమానా. కంటికి కన్ను ఆ తర్వాతి మాట.

‘అందరికీ ఒకే శిక్ష.’ నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఆ చట్టం చెక్కిన నల్లరాయి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. 196వ నిబంధన చూడండి: పై వర్గం మనిషి, అంటే అవీలుమ్, తన సాటివాడి కన్ను పొడిస్తే వాడి కన్నూ పొడవాలి. 198కి వస్తే, పోయింది కింది వర్గం ముష్కేనుమ్ కన్ను. ఒక మీనా వెండి ఇస్తే చాలు. 199లో బానిస కన్ను. అతని ధరలో సగం. ఒకే దెబ్బ, ఒకే కన్ను, మూడు లెక్కలు. 230వది ఇంకా ఘోరం: మేస్త్రీ కట్టిన ఇల్లు కూలి యజమాని కొడుకు చనిపోతే, మేస్త్రీ కొడుకును చంపాలి. ఆ పిల్లాడు ఏం పాపం చేశాడు?

‘అది చూసే తీర్పులిచ్చేవారు.’ ఆ కాలపు కోర్టు తీర్పులు రాసిన మట్టిపలకలు చాలానే దొరికాయి. వాటిలో ఈ నిబంధనలను ఎత్తిచూపి తీర్పు చెప్పడం దాదాపు కనిపించదు. తాను న్యాయమైన రాజునని చాటుకోవడానికే హమ్మురాబి ఆ రాయి చెక్కించాడని చాలామంది పండితుల అభిప్రాయం.

అసలు అందులో ఉన్నవి శిక్షలు మాత్రమే కాదు. కూలి రేట్లు, కౌలు, కాలవ గట్లు, అప్పులు కూడా ఉన్నాయి. పంచుకోవాలంటే 48వది పంచుకోండి. వరదకో నీటి ఎద్దడికో పంట పోతే, అప్పున్న రైతు ఆ ఏడాది అప్పిచ్చినవాడికి ధాన్యం కొలవక్కర్లేదు, వడ్డీ కట్టక్కర్లేదు. రాత మార్చుకునేలా అప్పు రాసిన మట్టిపలకను నీళ్లతో తడిపేయవచ్చు.