జూపార్కు పులికి ఓజోన్ లెక్క ఉంది

హైదరాబాదులో ఎవరి ఊపిరితిత్తుల్లోకి ఎంత ఓజోన్ (ఆకాశంలో మనల్ని కాపాడే పొర కాదు, నేల మీద ఊపిరితిత్తుల్ని పాడుచేసేది) పోతోందో సర్కారు దగ్గర లెక్కే లేదని గిట్టనివాళ్లు ఆడిపోసుకుంటున్నారు. అన్యాయం. జూపార్కులో గాలిని కొలిచే స్టేషన్ ఉంది, కాబట్టి పులి లెక్క తెలుసు. సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, నెమళ్ల లెక్కా తెలుసు. పటాన్‌చెరులో పంటల పరిశోధన చేసే ఇక్రిశాట్‌లో ఉంది గనక కందిచేను ఏం పీలుస్తోందో కూడా తెలుసు. (ఓజోన్ ఆకుల్నీ మాడుస్తుంది, చేనుకీ లెక్క కావాల్సిందే.) సనత్‌నగర్ లాంటి చోట్ల మనుషులకూ పెట్టారు. ఇంకేం కావాలి?

యంత్రాన్ని తప్పుపట్టడానికి లేదు. గాలిని లోపలికి లాగి, అతినీలలోహిత కాంతి వేసి, అందులో ఓజోన్ ఎంత మింగిందో చూసి అంకె చెబుతుంది. 2009 జాతీయ ప్రమాణం ప్రకారం ఓజోన్ ఘనపు మీటరు గాలికి 8 గంటల సగటు 100 మైక్రోగ్రాములు, ఒక్క గంటకైతే 180 దాటకూడదు. పాపం, యంత్రం పెట్టినచోటే ఉంటుంది. ఊరంతా తిరిగే జనానిదే తప్పు. పెళ్లిలో అన్నం గుండిగ తూచి, ఏ బంతిలో ఎవరెంత తిన్నారో చెప్పమంటే ఎలా?

ఓజోన్ ఏ గొట్టంలోంచీ నేరుగా ఊడిపడదు. బండ్ల పొగ, పెట్రోలు ఆవిర్లు ఎండలో ఉడికి, మధ్యాహ్నానికి పాకానికొస్తుంది. ఆ వేళకి అధికారి తలుపులు మూసిన ఏసీ గదిలో ఉంటాడు. బిర్యానీ పొట్లం మోసే కుర్రాడు బండి మీద ఉంటాడు. ఇద్దరికీ కలిపి ఒకటే అంకె! సమానత్వం ఇంకెక్కడైనా ఉందా? మాస్కు పెట్టుకోరాదా అంటారేమో, దుమ్మునాపే మాస్కుకి ఈ వాయువు ఆగదు.

ఇంకో చిత్రం. చౌరస్తాలో బండ్లు అప్పుడే వదిలిన నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ను తినేస్తుంది. గాలివాటున శివార్లకు చేరాక మళ్లీ పెరుగుతుంది. కనక పార్కుల చుట్టూ ట్రాఫిక్ జామ్‌లు పెంచాలని సిఫారసు చేద్దామనుకున్నాను. ఎవరూ చెప్పకుండానే ఆ పని జరిగిపోతోంది.

ఓజోన్ కొలవడానికి చొక్కాకి తగిలించుకునే బిళ్లలు కూడా ఉన్నాయి. రసాయనం పూసిన కాగితం లోపల ఉంటుంది, మనిషితోపాటు తిరిగి, ఆ మనిషి లెక్క చెబుతుంది. వద్దు. ఎవరి లెక్క వారికి తెలిస్తే ఎవరి ప్రశ్న వారు అడుగుతారు.

అంతకంటే మనుషులే యంత్రం దగ్గరికి వెళ్లి పీల్చి రావడం మేలు. రేపట్నుంచి నేను జూపార్కులో టికెట్ కొని, పులి పక్కన నిలబడి పీలుస్తాను. సోమవారం జూకి సెలవు. ఆ రోజు సంగతే ఇంకా తేలలేదు.