మహారాజశ్రీ ఐపీ గారికి, పదిహేడో నంబరు వ్రాయునది

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఇక్కడ కుశలంగా ఉన్నది మా బట్టల కొట్టాయన ఒక్కడే. ప్రోనోటు రాసి నా దగ్గర అరవై వేలు తీసుకున్నాడు. వడ్డీ వస్తుందని చూస్తుంటే మీ నోటీసు వచ్చింది. అప్పులవాళ్ల జాబితాలో నాది పదిహేడో నంబరు.

మీ పూర్తి పేరు ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా అర్జీ అనీ, మీది 1920 నాటి చట్టమనీ ప్లీడరు గుమస్తా చెబితే తెలిసింది. తీర్చలేని బాకీ 500 రూపాయలుంటే చాలట, మీ గడప తొక్కొచ్చు. వందేళ్లు దాటినా ఆ 500 కదల్లేదు. ఆ లెక్కన పాలవాడికి బాకీపడ్డ నెలల్లో నేనూ అర్హుణ్ణే. 2016లో కొత్త చట్టం వచ్చింది కదా అంటే, కంపెనీ అప్పులకు హామీ సంతకాలు పెట్టిన పెద్దమనుషులకే 2019 నుంచి అది వర్తిస్తోందట. మామూలు మనిషికి ఇంకా మీరే దిక్కు.

అందరం ప్లీడరు గారి అరుగెక్కాం. వంటపాత్రలు, పక్కబట్టలు, భార్య మెడలో తాళి ముట్టుకోకూడదన్నారు. సరే, ఎవడికి కావాలి? మరి మేడ? దివాలా తీసినట్టు కోర్టు తేల్చితే ఆస్తి కోర్టు పెట్టిన రిసీవరు చేతికొస్తుంది. పిటిషనుకు ముందు రెండేళ్ల లోపు ఉత్తపుణ్యానికి ఎవరికైనా రాసిచ్చినా రద్దు చేయించొచ్చు. మాకు ప్రాణం లేచొచ్చింది. దస్తావేజు తీసి చూస్తే, బావమరిదికి రాసిచ్చి రెండేళ్ల నాలుగు రోజులు. ఎంత ఓపిక!

మీరు వేసే శిక్ష కూడా విన్నాను. బాకీల నుంచి విడుదల ఆర్డరు వచ్చేదాకా ఎమ్మెల్యేగా నిలబడకూడదట. పాపం, కుమిలిపోతున్నాడు. ఆర్డరొచ్చినా సర్కారు బాకీ మాత్రం చెరగదట. చెరిగేది మాబోటివాళ్లదే.

మా వీధిచివర కౌలురైతు ఒకడున్నాడు. పత్తి దెబ్బతిని నిండా మునిగాడు. మీ దగ్గరికి వెళ్లరా అంటే, 'ఐపీగాడు' అనిపించుకోలేనని గేదెను తోలుకెళ్లి అమ్మేశాడు. మీరు ఎవరి కోసం పుట్టారో వాడికి మీ పేరే తిట్టు.

అన్నట్టు, కొట్టు మళ్లీ తెరిచారు. బోర్డు మీద భార్య పేరుంది. గల్లాపెట్టె వెనక ఆయనే కూర్చున్నాడు. నెత్తిమీద కొత్త అట్టముక్క: 'అరువు అడిగి మొహమాటపెట్టవద్దు'.

ఇట్లు,
పదిహేడో నంబరు