చెప్పులు కారులోనే ఉన్నాయి

మాది తిరుపతి కాబట్టి నడక విషయంలో నాకు కాస్త పొగరు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఏడాదికి రెండుసార్లయినా ఎక్కుతాను, మోకాళ్ళ పర్వతం దగ్గర కూడా కూర్చోను (కూర్చుంటాను, ఎవరూ చూడనప్పుడు). అందుకే మొన్న డిసెంబరులో మా బావమరిది ఫోన్ చేసి "బావా, నేలపట్టుకి పోదాం, పక్షులొచ్చుండాయి, చెరువు కట్ట మీద బాగా నడవచ్చు" అంటే నాకు నవ్వొచ్చింది.

"కట్ట మీద నడకా? ఒక్క మెట్టు కూడా ఉండదా? అది నడక కాదప్పా, కూరగాయలకి పోయినట్టుంటుంది" అన్నాను. మా ఆవిడ, కూతురు విన్నారు. ఇద్దరికీ జ్ఞాపకశక్తి ఎక్కువ.

శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి దొరవారిసత్రం దగ్గరున్న నేలపట్టు పక్షుల అభయారణ్యం ముందు దిగాం. ఇదంతా ఒకప్పుడు నెల్లూరు జిల్లా, 2022లో మన తిరుపతి జిల్లాలో కలిసింది, అంటే సొంత జిల్లాలోనే ఉన్నాం, ఇక టెన్షన్ ఎందుకు అనుకుంటూ కారు పక్కన నిలబడి నేను చేసిన పని ఏమిటంటే, చెప్పులు విప్పి సీటు కింద పెట్టి డోర్ వేశాను. నిజంగా నాకు తెలియలేదు. నడక అనగానే చెప్పులు విప్పడం చిన్నప్పటి నుంచీ కాళ్ళకి అలవాటు, అవి బుర్రని అడగలేదు. కారు తాళం బావమరిది జేబులో, బావమరిది అప్పటికే కట్ట మీద.

వంద అడుగులు వేశాక గులకరాళ్ళు మొదలయ్యాయి, విషయం అర్థమైంది. ఇంకో యాభై అడుగులకి పల్లేరుకాయలు. కొండ మెట్లు రాతివి, ఎన్ని లక్షల పాదాలు తొక్కాయో గానీ నున్నగా ఉంటాయి. ఇక్కడ నాకంటే ముందు ఉత్తకాళ్ళతో నడిచిన మనిషి ఉన్నట్టు కనిపించలేదు. వెనక్కి పోయి చెప్పులు వేసుకుందామా అంటే, కూరగాయల మాట అన్నది నేనే కదా.

మెట్ల మీదైతే ఆగడానికి వంద సాకులు. ఆయాసం, సోడా, వెనకబడ్డ పెద్దవాళ్ళు, ఏమీ లేకపోతే గట్టిగా ఒక గోవింద. చదును దారిలో ఆగితే వెంటనే "ఏమైంది?" అంటారు. అందుకని నన్ను ఆ రోజు కాపాడింది పక్షులే. పదడుగులకోసారి ఆగి, బావమరిది బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకుని, రెండో చేత్తో కింద ముల్లు లాక్కునేవాణ్ణి. అలా ముల్లుకో పక్షి చొప్పున చాలానే చూశాను. చెరువులో సగం మునిగిన కడప చెట్ల మీద గూడబాతుల గూళ్ళు, వాటి పక్కనే నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. పల్లేరుకాయ మడమలో దిగి విరిగినప్పుడైతే, ఒక గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చి చేపలు తినడం మొదలు నుంచి చివరిదాకా చూశాను. తల్లి ఆ చేపల కోసం పులికాట్ సరస్సు దాకా ఎగిరి పోయి వస్తుందట. దానికి రెక్కలున్నాయి.

"నాన్నా, కొంగలాగా ఒంటికాలి మీద నిలబడ్డావేంది?" అంది మా అమ్మాయి.

"పక్షులు బెదరకుండా అట్ల నిలబడాల" అన్నాను. పాపం, అదీ నిలబడింది.

వాచ్ టవర్ దగ్గరికి చేరేసరికి పై నుంచి నా భుజం మీద తెల్లగా ఏదో పడింది. అక్కడున్న పెద్దాయన "తుడవద్దు సార్, ఈ రెట్ట కలిసిన నీళ్ళకే మా పొలాలు బాగా పండేది" అన్నాడు. అరికాళ్ళు మండుతున్నవాడికి భుజం ఒక లెక్కా, అలాగే వదిలేశాను.

తిరిగి కారు దగ్గరికి ఎలా వచ్చానో చెప్పను. బావమరిది సీటు కింద నుంచి చెప్పులు తీసి రెండు చేతులతో నా ముందు పెట్టాడు. "మొదట్నే చూసినా బావా. నువ్వేదో మొక్కుకోనుంటావని అడగలా."

మా ఆవిడ కూడా అదే అనుకుందట. "మొక్కు బయటికి చెప్పకూడదని గమ్మునున్నా. ఇప్పుడు అయిపోయింది కదా, ఏం మొక్కారు?"

అలవాటు కొద్దీ చెప్పులు మర్చిపోయానని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ ముగ్గురూ నా వైపు ఎంత భక్తిగా చూస్తున్నారంటే, నోరు కూడా కాళ్ళలాగే బుర్రని అడగకుండా "వీడి పెళ్ళి కోసం" అనేసింది. ముప్పై రెండేళ్ళవాడు, నడిరోడ్డు మీద నన్ను పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

రాత్రికి అత్తగారి ఫోన్. "నాయనా, అట్లాంటి మొక్కు ఒక్కసారితో తీరదు. సంబంధం కుదిరేదాకా ఏటా పోవాల."

వాడి సంబంధాల సంగతి ఇప్పుడు వాళ్ళమ్మ కంటే నేనే ఎక్కువ పట్టించుకుంటున్నాను. డిసెంబరు లోపల కుదిరితే బాగుండు.