లైబ్రరీకి సినిమాలు వచ్చిన విధంబెట్టిదనిన

లైబ్రరీలో సినిమాలు పెట్టాలన్న ఆలోచన ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. అంతా సవ్యంగా జరిగి ఉంటే నాదంటే నాదని నలుగురైనా ముందుకొచ్చేవారు. ఇప్పుడు మాత్రం మినిట్స్ పుస్తకంలో 'సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించారు' అన్న ఒక్క వాక్యమే మిగిలింది. మా కాలేజీ విశాఖపట్నంలో ఉంది. అంతకు మించి అడ్రసు చెప్పను. అసలీ గొడవంతా అడ్రసు దగ్గరే వచ్చింది.

ఆగస్టు 12 మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడు రంగనాథన్ గారి పుట్టినరోజు. లైబ్రేరియన్ల దినోత్సవం కూడా ఆ రోజే. ఆయన 1931లో రాసిన అయిదు సూత్రాలూ మా లైబ్రేరియన్ మేడమ్ టేబుల్ అద్దం కింద ఉంటాయి. పుస్తకాలున్నది వాడుకోవడానికి, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు, అలా. ఆ రోజు ఫొటోకి దండ వేసి, బూందీ పొట్లాలు పంచి, కమిటీ మీటింగు పెట్టారు. రీడింగ్ హాల్లో ఫ్యాను కింద కునుకు తీసేవాళ్ళు తప్ప పాఠకులు కనబడటం లేదన్నది మొదటి అంశం. సినిమాలు, సిరీస్‌లు పెడితే పిల్లలు వస్తారన్నది రెండో అంశం. రెండో అంశం మీద ఎకనామిక్స్ మాస్టారు అరగంట మాట్లాడారు. 1978లో వచ్చిన 'మరోచరిత్ర' ఇక్కడ తీశారనీ, ఆ షూటింగు తాను కళ్ళారా చూశాననీ చెప్పారు. దానికి ఎవరూ ఆశ్చర్యపోలేదు. వైజాగులో ఏ ఇంటికెళ్ళినా షూటింగు చూసిన మావయ్య ఒకాయన ఉంటాడు. ఇంతమంది మావయ్యలున్న ఊళ్ళో కాలేజీకి ఒక్క సినిమా కూడా లేకపోవడం అన్యాయమేనని నాకూ అనిపించింది.

ఏ సినిమాలు కావాలో పిల్లల్నే అడుగుదామని పెట్టె పెట్టారు. కొత్త పెట్టెకి బడ్జెట్ లేదు కాబట్టి హాస్టల్ మెస్సు దగ్గరున్న ఫిర్యాదుల పెట్టె తెచ్చి, మీద కాగితం అంటించారు. దాని తాళంచెవి పోయి చాలా కాలమైంది. అంచేత లోపలున్న పాత ఫిర్యాదులు లోపలే ఉండిపోయాయి. సెప్టెంబరులో అటెండరు సుత్తితో తాళం పగలగొడితే రెండూ కలిసి బయటపడ్డాయి. 'పప్పులో ఉప్పు', 'చపాతీయా రబ్బరా', 'ఆదివారం కోడి ఎక్కడ' లాంటి చీటీల్ని పక్కన పెట్టబోతే, ఇంగ్లీషు డిపార్టుమెంటు కుర్ర లెక్చరరు ఆగమన్నాడు. ఈ మధ్య వెబ్ సిరీస్‌ల పేర్లు ఇలాగే ఉంటున్నాయట. 'ఆదివారం కోడి ఎక్కడ' క్రైమ్ థ్రిల్లరై ఉండొచ్చని ఫోన్లో వెతికాడు కూడా. దొరకలేదు గానీ, దొరికితే చూసేవాళ్ళమని అందరి ముఖాల్లోనూ కనబడింది.

నిజమైన చీటీలు ఇంకా బాగున్నాయి. ఆ ఏడాది మా లైబ్రరీలో చదవదగ్గ సాహిత్యం ఏదన్నా ఉంటే అదే. మెకానికల్ వాళ్ళు ఒకే హీరో సినిమాకి బొత్తి చీటీలు వేశారు. చేతిరాత ఒక్కటే, పేర్లు మాత్రం వేరువేరు. ఆ పేర్లలో పోయినేడే పాసై వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. ఒకమ్మాయి కొరియన్ సిరీస్‌ల జాబితా ఇచ్చి, 'ఒక్కోటీ పదహారు ఎపిసోడ్లే, మనవాళ్ళ సీరియళ్ళలా కాదు' అని హామీ కూడా ఇచ్చింది. ఒకడు 'ఏసీ పనిచేస్తే ఏ సినిమా అయినా పర్లేదు' అన్నాడు. ఎమ్మే తెలుగు అమ్మాయి ఒకతి 'మాయాబజార్' ఎందుకుండాలో మూడు పేజీలు రాసింది. భారతం కథై ఉండి పాండవులు ఒక్కరూ తెర మీదికి రాకుండా సినిమా నడిపించడం కె.వి. రెడ్డి గారికే చెల్లిందనీ, సావిత్రి నడకలో ఘటోత్కచుడు కనబడతాడనీ, 1957 నాటి ఆ సినిమా చూడకుండా డిగ్రీ ఇవ్వకూడదనీ. చివరి మాట కొంచెం ఎక్కువే గానీ, మిగతాదంతా న్యాయం. ఆ మూడు పేజీలూ మేడమ్ తన సొరుగులో దాచుకున్నారు.

ఇదంతా ఎందుకు, లైబ్రరీ పేర ఒక ఓటీటీ తీసుకుని పాస్‌వర్డ్ గోడకి అంటిస్తే పోలేదా అని విద్యార్థి ప్రతినిధి అడిగాడు. అలా కుదరదు. ఇళ్ళల్లో సొంతంగా చూసుకోవడానికిచ్చే చందాలవి. కాలేజీ మొత్తానికి పంచుకోమని ఏ కంపెనీ ఒప్పుకోదు. మేడమ్ అభ్యంతరం మాత్రం అది కాదు.

"పాస్‌వర్డ్‌కి స్టాంపు ఎక్కడ కొట్టను బాబూ?"

లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకానికీ టైటిల్ పేజీ మీద ఒక స్టాంపు, దొంగలకి తెలియకుండా లోపల ఒక రహస్య పేజీలో ఇంకో స్టాంపు పడాలి. యాక్సెషన్ రిజిస్టర్లో నంబరెక్కాలి. ఏడాదికోసారి తనిఖీకి వచ్చినవాళ్ళకి వస్తువు చూపించాలి. కాబట్టి డీవీడీలే కొనాలని తేల్చారు. వాటిని ఆడించే కంప్యూటరు లైబ్రరీలో ఒక్కటే ఉంది. దాని డ్రైవు తెరుచుకోవాలంటే పక్కన పిన్నీసు పట్టుకుని ఒకరు కూర్చోవాలి. ఒకప్పుడు మోసర్ బేర్ కంపెనీ వాళ్ళు డీవీడీలు చవగ్గా అమ్మిన రోజుల్లో జగదాంబ దగ్గర ఫుట్‌పాత్ మీద గుట్టలుగా దొరికేవి. ఇప్పుడు ఆ కంపెనీయే లేదు. ఇవన్నీ మీటింగులో ఎవరో గొణిగారు గానీ, గొణుగుళ్ళు మినిట్స్‌లోకి ఎక్కవు.

ఇక కొనుగోలు. మూడు కొటేషన్లు రావాలి, వచ్చాయి. విజయవాడ ఏలూరు రోడ్డులో ఏళ్ళ తరబడి మాకు పుస్తకాలు పంపే పెద్దాయనకే ఆర్డరు వెళ్ళింది. పోటీ పరీక్షల పుస్తకాల వెనక అట్టకి సీడీ అంటించి పంపింది ఆయనే కాబట్టి, డిస్కులు కూడా ఆయన వ్యాపారమేనని కమిటీ నమ్మకం. టైపిస్టు గారు పోయినేటి ఫారమే తెరిచారు. పైన 'గ్రంథాలయమునకు కావలసిన టైటిల్స్' అని ఉంది. కింద వరస నంబరు, టైటిల్, రచయిత, కాపీలు, నాలుగు గళ్ళు. సినిమా అన్న మాట ఆ కాగితం మీద ఎక్కడా లేదు. రచయిత గడిలో అన్నిటికీ చిన్న గీత. కాపీల గడిలో అన్నిటికీ ఒకటి. ఒక్క దగ్గర తప్ప. సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో తీసిన 'ఆదిత్య 369' టైపిస్టు గారి కంటపడింది. ఆయన పద్ధతి గల మనిషి. అక్షరాలు ఉండవలసిన గడిలో అంకెలు ఉండటం సహించలేరు. 'ఆదిత్య' టైటిల్ గడిలో ఉంచి, 369ని దాని చోటికి పంపించేశారు.

ప్రిన్సిపాల్ గారి సంతకం కూడా అయిపోయాక కంచరపాలెం నుంచి వచ్చే డే స్కాలర్లు గోల చేశారు. తమ సినిమా 'కేరాఫ్ కంచరపాలెం' జాబితాలో లేదట. 2018లో వచ్చిన ఆ సినిమాలో చాలావరకు కంచరపాలెం జనమే వేషాలు వేశారు. మొహానికి రంగు వేసుకోవడం అంటే ఏమిటో అంతకు ముందు తెలియనివాళ్ళే ఎక్కువ. దర్శకుడు వెంకటేష్ మహాకీ అదే మొదటి సినిమా. దాన్ని వదిలేసి వైజాగులో సినిమా లైబ్రరీ ఏమిటని వాళ్ళ వాదన. నిజమే కదా. మళ్ళీ టైపు కొట్టి మళ్ళీ సంతకాలంటే దసరా సెలవులు అడ్డం. టైపిస్టు గారు సంతకం కింద ఖాళీ జాగాలో, తన గుండ్రటి చేతిరాతతో, వరస నంబరు లేకుండా 'కేరాఫ్ కంచరపాలెం, విశాఖపట్నం' అని రాసి కవరు అంటించేశారు. ఊరి పేరు ఎందుకు చేర్చారంటే, కంచరపాలెం అన్నాక విశాఖపట్నం అని రాయకపోతే ఆయన చెయ్యి ఆగదు.

దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం మేడమ్‌కి ఫోను వచ్చింది.

"అమ్మా, పార్శిల్ ఆటో. కంచరపాలెం మెట్టు కాడున్నాను. కేరాఫ్ అని ఉంది, ఎవురి కేరాఫో రాయలేదు."

మేడమ్ రాంగ్ నంబరని పెట్టేశారు. మళ్ళీ వచ్చింది. ఈసారి వెనక చాలామంది గొంతులు.

"ఏటమ్మా పెట్టేత్తారు? కాలేజీ ఫోను నంబరే ఉందిక్కడ. ఊర్వశి జంక్షన్ కాణ్నుంచి అడుక్కుంటా వత్తన్నాను. ఈళ్ళేమో తమకే అంటన్నారు."

మేమందరం ఆటో ఎక్కి మద్దిలపాలెం ట్రాఫిక్ దాటుకుని మెట్టుకి చేరేసరికి ఆలస్యమైపోయింది. జరిగింది ఇదీ. ఆటో అతను టీ కొట్టు దగ్గర ఆగి 'కేరాఫ్ కంచరపాలెం ఎక్కడండీ' అని అడిగాడు. అలా అడిగితే అక్కడ ఎవడైనా ఏమంటాడు? 'సినిమావోళ్ళు పంపారా?' అన్నారు. వేషం వేసిన ఒకాయన్ని వీధి చివర్నుంచి పిలుచుకొచ్చారు. మనూరి పేరు మీద వచ్చిందంటే మనూరిదేనని ఆయన తీర్పిచ్చాడు. తీసుకున్నవారి సంతకం అన్న చోట ఎవరు పెట్టాలన్న తగువు రాకుండా 'అందరూ' అని రాసి ఇచ్చారు. ఆ రసీదు ఇప్పటికీ మా ఫైల్లో ఉంది.

పార్శిల్ విప్పితే ఏడు కట్టలు యాభయ్యేసి, ఒక చిన్న కట్ట పంతొమ్మిది. అన్నీ ఆదిత్య హృదయమే. రాముడికి అగస్త్యుడు యుద్ధభూమిలో చెప్పిన స్తోత్రం, తెలుగు తాత్పర్యంతో, పసుపు అట్ట. ఏలూరు రోడ్డు పెద్దాయన ఆలోచన ఆయనకుంది. విశాఖ నుంచి 369 కాపీలు అడిగారంటే రథసప్తమికి అరసవల్లిలో పంచడానికే అయి ఉంటుంది, కాలేజీలో మంచివాళ్ళున్నారు, అనుకున్నాడు. మిగతా ఆర్డరు కూడా అంతే శ్రద్ధగా నెరవేర్చాడు. 'ఈగ' అన్నందుకు కీటకాల మీద జువాలజీ పుస్తకం. 'మరోచరిత్ర' అన్నందుకు భారతదేశ చరిత్ర, మేము పోయినేడు కొన్నది కాకుండా మరొకటి. 'మాయాబజార్' మాత్రం స్టాకు లేదని చీటీ పెట్టాడు.

మేం వెళ్ళేసరికి చరిత్ర పుస్తకం గ్రూప్-2కి చదువుకుంటున్న కుర్రాడి చేతిలో ఉంది. అరుగు మీద కూర్చుని అప్పుడే అండర్‌లైన్లు కొడుతున్నాడు. జువాలజీ ఇంటర్ బైపీసీ అమ్మాయి పట్టుకెళ్ళిపోయింది. ఆదిత్య హృదయాలు ఇంటికొకటి చొప్పున మూడు వీధులు తిరిగాయి. మా లైబ్రరీలో ఏళ్ళ తరబడి రీడింగ్ హాలు తెరుచుకుని కూర్చున్నా పట్టుమని పదిమంది రాని చోట, ఇక్కడ గంట తిరక్కుండా అంతమంది పాఠకులు. మేడమ్ కాసేపు మాట్లాడలేదు. "ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు" అని మాత్రం అన్నారు. అప్పుడు ఆవిడ మొహం చూస్తే రంగనాథన్ గారు స్వయంగా మెట్టు ఎక్కి వస్తున్నారా అన్నట్టుంది.

ప్రిన్సిపాల్ గారికి అదేం పట్టలేదు. కాలేజీ డబ్బు, వెనక్కి తెమ్మన్నారు. అటెండరు మొదటి గుమ్మంలోనే ఆగిపోయాడు. ముసలావిడ ఒకావిడ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని బొడ్లో దోపుకుంది.

"దేవుడి పుస్తకం ఇచ్చి లాగేసుకుంటారేటి బాబూ? సూర్నారాయణమూర్తితో ఆటలా? కళ్ళు పోతాయి."

అటెండరుకి అసలే చత్వారం. రెండో గుమ్మం ఎక్కనన్నాడు.

చివరికి దారి మేడమే కనిపెట్టారు. తీసుకోలేకపోతే ఇష్యూ చేసెయ్యడమే. కాలేజీ నుంచి రిజిస్టరూ స్టాంపూ ఇంకు ప్యాడూ తెప్పించి, టీ కొట్టు బల్ల మీద కౌంటరు తెరిచారు. జనం వరసలో నిలబడ్డారు. ఒక్కొక్క పుస్తకానికీ టైటిల్ పేజీ మీద ఒక స్టాంపు, రహస్య పేజీలో ఒకటి. ఆ రహస్య పేజీ ఏదో చుట్టూ మూగిన పిల్లలందరికీ తెలిసిపోయింది, అది వేరే సంగతి. పేరు, ఇంటి నంబరు, సంతకం లేదా వేలిముద్ర. పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలి, లేకపోతే రోజుకి రూపాయి జరిమానా. "రోజూ చదువుకునేదానికి పదేను రోజులేటమ్మా" అని కొందరు సణిగారు గానీ, మేడమ్ ఆ విషయంలో దేవుడికైనా మినహాయింపు ఇవ్వరు. టీ కొట్టాయన తన కాపీకి రెన్యువల్ కూడా అప్పుడే చేయించేసుకున్నాడు.

నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాల్లో సినిమా విభాగాన్ని రిబ్బను కత్తిరించి ప్రారంభించారు. కొత్త బీరువా, అద్దం తలుపులు, పైన 791.43 అని సినిమాల వర్గీకరణ నంబరు. లోపల జువాలజీ పుస్తకం ఒక్కటే ఉంది. బైపీసీ అమ్మాయి గడువుకి ముందే తెచ్చిచ్చింది, పాపం. విద్యార్థి ప్రతినిధి దాన్ని తీసి చూసి, అట్ట మీది ఈగ బొమ్మతో సెల్ఫీ దిగి వెళ్ళిపోయాడు. అదే రోజు కంచరపాలెం నుంచి ఆడవాళ్ళు గుంపుగా వచ్చి రెన్యువల్ కౌంటరు ముందు కూర్చున్నారు. రీడింగ్ హాల్లో కునుకు తీసేవాళ్ళకి చోటు లేక లేచి వెళ్ళాల్సొచ్చింది.

పెద్దాయన దగ్గర్నుంచి బిల్లు వచ్చింది. పది శాతం డిస్కౌంటు పోను, ఆటో కిరాయి అదనం. మేడమ్ ఫోను చేసి జరిగిందంతా ఓపిగ్గా విడమరిచి చెప్పారు. మేం అడిగినవి పుస్తకాలు కావనీ, ఆదిత్య పక్కనున్న అంకె పేరులో భాగమనీ, కేరాఫ్ కంచరపాలెం అన్నది అడ్రసు కాదు, సినిమా పేరనీ.

అవతల ఆయన చాలాసేపు నొచ్చుకున్నారు. ఆయన సినిమాలు మానేసి ముప్ఫయ్యేళ్ళయిందట.

"అయ్యయ్యో, అది టైటిలా తల్లీ! ముందే చెప్పొద్దూ? సరే, కాయితం తీసుకున్నాను, చెప్పండి. రచయితెవరు? ఎన్ని కాపీలు పంపమంటారు?"