ఇంటిపేరు మారిన మోటారు

బోరుబావి మోటార్లు తయారు చేసే ఒక కంపెనీని ఆమధ్య ఒక పెద్ద గ్రూపు కొనుక్కున్నది. కొన్న మరుక్షణం నుంచి గ్రూపు పెద్దలకు కంటిమీద కునుకు లేదు. మోటారు నీళ్లు తోడుతున్నదా, కాలిపోతున్నదా అన్న చిల్లర విషయం కాదు వారి బెంగ. మోటారుకు సొంతంగా ఒక వెబ్‌సైటు ఉండవచ్చునా, లేక మెట్టినింటి ఇంటిపేరు పెట్టుకొని గ్రూపు డొమైన్‌లో, అంటే గ్రూపు వెబ్ చిరునామాలో, ఒక మూల సర్దుకోవాలా అన్న ధర్మసందేహం. దాన్ని తీర్చడానికి కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ దగ్గరి హోటల్లో డీలర్ల సమావేశం పెట్టారు. ఆ పాత సైటులోని తెలుగు పేజీలు రాసినవాణ్ని కనుక నాకూ చివరి వరుసలో ఒక కుర్చీ, ముందు ఒక ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు దక్కాయి.

హైదరాబాదు నుంచి వచ్చిన యువ అధికారి తెరమీద మొదట ఒక మర్రిచెట్టును చూపించి, దాని కింద ‘ఒక కుటుంబం, ఒక చిరునామా’ అన్న మాటను వెలిగించాడు. తరువాత నలభై నిమిషాల పాటు, నేను గడియారం చూసుకొని చెబుతున్నాను, ఒకే ఒక చర్చ నడిచింది: వెబ్ చిరునామాలో బ్రాండు పేరు ముందు పెట్టి చుక్క పెట్టి గ్రూపు పేరు రాయడమా, గ్రూపు పేరు ముందు రాసి గీత గీసి బ్రాండు పేరును వెనక నిలబెట్టడమా? చుక్క పక్షం వారు స్వాతంత్ర్యం గురించి మాట్లాడారు. గీత పక్షం వారు క్రమశిక్షణ గురించి మాట్లాడారు. చుక్క అయినా గీత అయినా అక్షరాల సైజు ఎంత ఉండాలని ఒకరు మధ్యలో అడిగారు, ఆయన ప్రశ్నను కూడా మినిట్స్‌లో రాసుకున్నారు. ఉగ్గాని చల్లారిపోయింది.

అప్పుడు ఆదోని డీలరు లేచి, మోటారు అట్టపెట్టె మీద, స్టార్టరు మూతమీద, వారంటీ కార్డుమీద అచ్చయి ఉన్న పాత అడ్రసు సంగతేమిటని అడిగాడు. అన్నీ రీడైరెక్టు అవుతాయని, అంటే పాత అడ్రసు కొట్టినవాణ్ని కొత్త పేజీకి పంపిస్తాయని, అధికారి అభయమిచ్చాడు. ఏ పేజీకి అని అడిగితే, గ్రూపు హోమ్ పేజీకి అన్నాడు.

“అంటే సార్, ఆదోనికి టికెట్టు తీసుకున్నోణ్ని హైదరాబాదులో దించి, పెద్ద ఊరే కదప్పా, ఎతుక్కో అన్నట్టా?”

ఈ ప్రశ్నను మాత్రం ఎవరూ మినిట్స్‌లో రాసుకోలేదు.

విలీనమనే మాటను కర్నూలు వాళ్లకు కొత్తగా నేర్పనక్కరలేదు. 1953 అక్టోబరు 1న రాజధాని అయిన ఊరు, 1956 నవంబరు 1న ఆ హోదాను హైదరాబాదుకు అప్పగించి ఊరుకున్నది. రాజధాని పోయినా, కర్నూలు పేరుమీద వేసిన ఉత్తరం కర్నూలుకే వచ్చేది. ఇల్లు మారినవాడి ఉత్తరం మీద పోస్ట్‌మ్యాన్ కొత్త చిరునామా రాసి పంపిస్తాడే, వెబ్‌సైటులో 301 అనే రీడైరెక్టు చేసే పని కూడా అంతే. కాకపోతే ప్రతి పాత పేజీకీ దానికి సరిపోయే కొత్త పేజీ చూపించాలి. అన్నింటినీ తీసుకుపోయి హోమ్ పేజీ గుమ్మంలో పారబోస్తే గూగుల్ కూడా వాటిని లేని పేజీలుగానే లెక్క కడుతుంది. ఆ రీడైరెక్టులను కనీసం ఒక ఏడాది తీసివేయవద్దని గూగులే చెబుతుంది. బోరులో దించిన మోటారు అంతకన్నా ఎక్కువ కాలమే ఉంటుంది కనుక, నన్నడిగితే ఎప్పటికీ తీయకూడదు.

విలీనమే తప్పని నేననను. నాలుగు పేజీల సైటు, ఎవరూ వెతకని పేరు అయితే నిరభ్యంతరంగా కలుపుకోవచ్చు. కానీ సరుకును పేరు పెట్టి అడిగే చోట, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అంతటివారే టైడ్‌కు ఒక సైటు, జిల్లెట్‌కు ఒక సైటు, కంపెనీకి వేరే సైటు పెట్టుకొని హాయిగా బతుకుతున్నారు. వారి కుటుంబం విడిపోయిన దాఖలా లేదు.

సమావేశంలో చివరికి గీత గెలిచింది. నెల తిరక్కుండా, పత్తికొండ వైపు టమాటా వేసిన ఒక రైతు స్టార్టరు మూతమీది క్యూఆర్ కోడును ఫోనుతో స్కాన్ చేశాడు. మోటారు తిరుగుతున్నది, నీళ్లు మాత్రం సన్నగా వస్తున్నాయి. పాత సైటులో దానికి ఒక తెలుగు పేజీ ఉండేది: త్రీఫేజు మోటారు తలకిందులుగా తిరుగుతున్నదేమో చూడండి, కరెంటు తీసేసి, ఎర్ర, పసుపు, నీలం తీగలలో ఏవైనా రెండింటిని మార్చి బిగించండి అని, బొమ్మతో సహా. ఆ తీగల రంగులు సరిగ్గా పడేదాకా నేను ఆ బొమ్మను మూడుసార్లు గీయించాను. ఇప్పుడు అతనికి కనిపించింది ‘మా విలువలు’, కోట్లు వేసుకొని నవ్వుతున్న ఆరుగురు, ఆనాటి షేరు ధర. అంతా ఇంగ్లీషులో. కరెంటు ఉన్న గంటలు అయిపోతున్నాయి, పూత మీదున్న మడి ఎండుతున్నది, వీళ్లు వాడికి షేరు ధర చెబుతున్నారు! ఒక్క పేజీ, ఒక్క లైను రీడైరెక్టు రాయడానికి మీకు చేతులు రాలేదా? మర్రిచెట్టు బొమ్మకు దొరికిన సమయం రైతు బొమ్మకు దొరకలేదా? పాత డొమైనును ఏడాదికి నిలబెట్టుకోవడానికి అయ్యే ఖర్చు సుమారు వెయ్యి రూపాయలు. ఒక్క మోటారుకు వైండింగు చుట్టించడానికి దాని కెన్నో రెట్లు. ఆ ఖర్చు మీది కాదు, అందుకే మీకు లెక్క తెలియలేదు.

క్షమించాలి. మళ్లీ గంభీరంగానే చెబుతాను. రెన్యువలు ఆపేస్తే ఆ పాత పేరును రమ్మీ ఆడించేవారు కూడా కొనుక్కోవచ్చునని, స్టార్టరు మూతలన్నీ అప్పుడు వారి ప్రకటనలవుతాయని అధికారికి ఉత్తరం రాశాను. కార్డుమీద అచ్చేసిన పాత ఈమెయిలుకే రాశాను. అది తిరిగి వచ్చింది.

ఆదోని డీలరు మాత్రం ముందుచూపుతో ఆ తెలుగు పేజీని ప్రింటు తీయించి, లామినేషను చేయించి, కొట్టులో క్యాలెండరు పక్కన మేకుకు తగిలించాడు. రైతులు వచ్చి ఫోనులో ఫొటో తీసుకొని పోతున్నారు. ఫ్లాషు వెలుగు పడి నీలం తీగ సరిగ్గా కనిపించడం లేదని మొన్న నాకు ఫోను చేసి, ఇంకొకటి మెరుపు లేని కాగితం మీద తీయించి పంపమన్నాడు.